ఒకే నోట్లో ఒక బతికిన పల్ప్, ఒక చచ్చిన పల్ప్: పన్నెండేళ్ల పాప కేసు

పంటి వేరు పూర్తిగా తయారు కాకముందే లోపలి పల్ప్ (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి కణజాలం) చచ్చిపోతే ఏమవుతుందో చదువుకునే రోజుల్లోనే నేర్చుకుంటాం. కానీ అదే నోట్లో, అవతలి వైపు జత పన్ను బతికే ఉండి, రెండింటి ఎక్స్‌రేలనూ పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం అరుదుగా వస్తుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే. పాపను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, వైద్యానికి సంబంధం లేని ఒకటి రెండు సంగతులు మార్చాను. రాస్తున్నానని తల్లిదండ్రులకు చెప్పి వాళ్ల అనుమతి తీసుకున్నాను.

నేపథ్యం

పాపకు పన్నెండేళ్లు. వేరే జబ్బులేమీ లేవు. చాలా నెలలుగా కింది దవడ కుడివైపు చిగురు మీద చిన్న పొక్కు లేస్తోంది. "నొక్కితే చితికి ఉప్పగా నోట్లోకి వస్తుందండీ. ఓ వారం బాగుంటుంది, మళ్ళీ అక్కడే లేస్తుంది" అన్నారు వాళ్ళమ్మ.

అప్పటికే ఒకచోట చిగుళ్ల జబ్బు అనుకుని పళ్ళు క్లీన్ చేయించారు. ఇంకోచోట యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాడినన్నాళ్లూ తగ్గింది, ఆపాక తిరగబెట్టింది. ఆ తర్వాత పొక్కు లేచినప్పుడల్లా పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు తెచ్చుకుని వేశారు. ఇంట్లో పెద్దవాళ్ళు "పాల పన్నేలే, ఊడిపోతుంది" అన్నారట. అది పాల పన్ను కాదు. ఆ చోటున్న పాల దవడ పన్ను ఊడి, దాని కింద నుంచి వచ్చిన శాశ్వత దంతం. కింది దవడలో రెండో ప్రీమోలార్, అంటే ముందు మధ్య గీత నుంచి లెక్కపెడితే అయిదోది.

మాత్రలు వేస్తే తగ్గి, మానేస్తే మళ్ళీ రావడంలోనే సగం జవాబు ఉంది. మింగిన మందు రక్తంతోపాటు తిరుగుతుంది. పల్ప్‌కు రక్తం చేరేది దాదాపు అంతా వేరు కొన దగ్గరి దారి నుంచే. పల్ప్ చచ్చిపోయాక లోపల రక్తనాళాలు ఉండవు, కాబట్టి పంటి లోపలికి మందు చేరదు. చుట్టూ ఎముకలో పేరుకున్న చీము దాకా వెళ్తుంది. అందుకే పొక్కు ఆరుతుంది. సూక్ష్మజీవులు మాత్రం పంటి లోపల క్షేమంగా ఉంటాయి. అందుకే మళ్ళీ లేస్తుంది. ఇలా తిరగబెడుతున్న పొక్కుకు ఎన్నోసారో అదే కోర్సు రాసే ముందు, ఆ చుట్టుపక్కల ఏ పంటి పల్ప్ బతికి ఉందో ఏది చచ్చిందో చూసి తీరాలి.

పరీక్షలో కనిపించినది

నోరు శుభ్రంగా ఉంది. ఒక్క పంటికీ పుచ్చు లేదు. ఆ పంటి చుట్టూ చిగురు లోతు కొలిస్తే ఎక్కడా 3 మిల్లీమీటర్లు దాటలేదు, కాబట్టి చిగుళ్ల జబ్బు లెక్కలోంచి పోయింది. పంటి మీద తడితే కొద్దిగా నొప్పి. పుచ్చు లేని, దెబ్బ తగలని, చిగురు జబ్బు లేని పంటి పక్కన చీము ఎందుకు?

గాలి కొట్టి పంటిని ఆరబెట్టి, భూతద్దం పెట్టుకుని పైభాగం చూశాను. నమిలే ముఖం సరిగ్గా మధ్యలో, రెండు కూచుల (పంటి మీది ఎత్తు మొనల) నడుమ, గుండ్రటి చిన్న మచ్చ. అంచున పంటి పై పొర అయిన ఎనామిల్ తెల్లగా మెరుస్తోంది, దాని లోపలి పొర డెంటిన్ పసుపుగా ఉంది, ఆ పసుపు నడిమధ్యన సూదిమొనతో పెట్టినట్టు ఒక నల్లటి చుక్క. తెలుపు, పసుపు, నలుపు: పంటి పొరలు మూడూ పైనుంచి కిందికి వరసగా ఆ చిన్న మచ్చలోనే కనిపిస్తున్నాయి.

వెంటనే ఎడమవైపు చూశాను. అదే పన్ను, అదే చోట, సగం మిరియపు గింజంత బొడిపె నిలబడి ఉంది. అది ఇంకా విరగలేదు. కుడివైపు ఏం జరిగిందో ఎడమవైపు చెప్పింది.

దీన్ని డెన్స్ ఇవాజినేటస్ అంటారు. పన్ను రూపుదిద్దుకునే దశలో, గట్టి పదార్థం ఇంకా పేరుకోకముందే, లోపలి కణజాలం బయటికి ముడుచుకుని ఈ అదనపు బొడిపె ఏర్పడుతుంది. కింది ప్రీమోలార్లలోనే ఎక్కువ, చాలాసార్లు రెండువైపులా వస్తుంది. తూర్పు ఆసియా ప్రజల్లో ఎక్కువగా చూస్తారు. మన దగ్గర తక్కువే గానీ, లేకపోలేదు. పై పొర ఎనామిల్, మధ్యలో డెంటిన్. చాలా బొడిపెల్లో ఆ డెంటిన్ మధ్యకు పల్ప్ నుంచి దారమంత సన్నని కొస పాకి ఉంటుంది. పన్ను పైకి వచ్చి ఎదుటి పంటికి తగలడం మొదలవగానే ఆ బొడిపె మీదే మొదటి ఒత్తిడి పడుతుంది. అది అరిగినా విరిగినా పల్ప్‌కు తలుపు తెరిచినట్టే. పుచ్చు లేకుండానే సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి.

పల్ప్ పూర్తిగా బయటపడనవసరం కూడా లేదు. డెంటిన్ గట్టిగా కనిపించినా నిండా సన్నటి గొట్టాలే. ఎనామిల్ వైపు చదరపు మిల్లీమీటరుకు సుమారు 15 వేల నుంచి 20 వేలు ఉంటే, పల్ప్ దగ్గరికి వచ్చేసరికి 45 వేలు దాటుతాయి, వెడల్పూ పెరుగుతుంది. పల్ప్ పక్కన ఒక్కో గొట్టం అడ్డకొలత దాదాపు 2.5 మైక్రాన్లు. నోట్లో ఉండే చాలా బ్యాక్టీరియా ఒక మైక్రాన్ లోపే. లేత పంటిలో ఆ గొట్టాలు ఇంకా వెడల్పు. బొడిపె విరిగిన చోట డెంటిన్ మందం ఎంత తక్కువ ఉంటుందో ఊహించుకోవచ్చు.

పాపను అడిగితే బాగా ఆలోచించి, చాలా రోజుల కిందట పల్లీ చిక్కీ కొరికినప్పుడు ఒకసారి జివ్వుమందని చెప్పింది. తర్వాత నొప్పి లేదంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నిర్ధారణలో చిక్కు

పల్ప్ బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి మేం మామూలుగా చల్లదనం పెట్టి చూస్తాం, లేదంటే సన్నటి కరెంటు పంపుతాం. కుడి పన్ను రెండింటికీ పలకలేదు. ఎడమ పన్ను కూడా పలకలేదు. పరీక్షనే నమ్ముకుంటే రెండు పళ్ళూ చచ్చిపోయాయని రాసుకుని, ఎడమవైపు కూడా పల్ప్ తీసేసే ప్రమాదం ఉంది.

చురుక్కుమనే నొప్పిని చేరవేసేవి ఏ-డెల్టా నరాలు. డెంటిన్ అంచున వాటి అల్లిక పూర్తిగా ఏర్పడేది వేరు తయారయ్యాక, చాలా ఆలస్యంగా. వేరు కొన ఇంకా తెరుచుకుని ఉన్న పంటిలో పల్ప్ నిక్షేపంగా బతికి, రక్తం పారుతూ, డెంటిన్ తయారుచేస్తూ ఉన్నా చల్లదనానికి, కరెంటుకు జవాబు రాకపోవచ్చు. ఈ పరీక్షలు చూసేది నరం పలుకుతోందా అని. పల్ప్ ప్రాణం నిలబడేది రక్తప్రసరణ మీద. ఈ తేడా పిల్లల కేసుల్లో ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి వేరే ఆధారాలు వెతికాను. పొక్కు రంధ్రంలోంచి సన్నటి గట్టాపెర్చా (ఎక్స్‌రేలో కనిపించే రబ్బరు లాంటి పదార్థం) పుల్ల పంపి ఎక్స్‌రే తీస్తే, అది తిన్నగా కుడి రెండో ప్రీమోలార్ వేరు కొన దగ్గర ఆగింది. అక్కడ ఎముకలో నల్లటి మచ్చ, అంటే ఎముక కరిగిన చోటు. వేరు పొట్టిగా, గోడలు పల్చగా, కొన విచ్చుకుని ఉంది. ఎడమ ఎక్స్‌రేలో కొన తెరిచే ఉన్నా ఎముక మామూలుగా ఉంది, వేరు కుడిదానికంటే పొడవుగా ఉంది, గోడలు మందంగా ఉన్నాయి.

రెండు జత పళ్ళూ దాదాపు ఒకేసారి పెరుగుతాయి. కుడిది వెనకబడిందంటే ఎక్కడో ఆగిపోయింది. వేరు పెరుగుదల ఆగిన చోటు చూస్తే పల్ప్ ఎప్పుడు చచ్చిందో సుమారుగా తెలుస్తుంది. చల్లదనం, కరెంటు తేల్చలేని విషయాన్ని ఈ పోలిక తేల్చింది: కుడిది చచ్చింది, ఎడమది పని చేస్తోంది.

"రూట్ కెనాల్ చేసేస్తే అయిపోదా డాక్టర్ గారూ?"

వాళ్ళమ్మ అడిగిన ఈ ప్రశ్న న్యాయమైనదే. పెద్దవాళ్ళ పంటికైతే నేనూ అదే అనేవాణ్ణి.

పల్ప్ బయటి అంచున ఓడోంటోబ్లాస్ట్‌లు అనే కణాలు ఒక వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కోదాని తోక డెంటిన్ గొట్టంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఇవే రోజుకు దాదాపు 4 మైక్రాన్ల చొప్పున డెంటిన్‌ను పేరుస్తూ పంటిని లోపలి నుంచి కడతాయి. వేరు ఎంత పొడవు, ఏ ఆకారం అన్నది హెర్ట్‌విగ్ పొర అనే పల్చటి కణాల తొడుగు నిర్దేశిస్తుంది. పన్ను నోట్లోకి వచ్చేసరికి పని పూర్తవదు. ఆ తర్వాత వేరు కొన మూసుకోవడానికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది. కింది రెండో ప్రీమోలార్ 11-12 ఏళ్లకు వస్తే, వేరు పూర్తయ్యేది 13-14 ఏళ్లకు. మధ్యలో పల్ప్ చచ్చిపోతే ఓడోంటోబ్లాస్ట్‌లు పోతాయి. ఉన్న గోడ ఉన్నంత మందంతోనే మిగిలిపోతుంది.

పెద్దవాళ్ళ పంటిలో వేరు కొన సన్నగా బిగిసి ఉంటుంది, లోపల నింపే పదార్థం అక్కడ ఆగుతుంది. ఈ పాపకు ఆగే చోటే లేదు. ఆ విషయమే ఎక్స్‌రే చూపించి ఆవిడకు చెప్పాను: "అమ్మా, ఈ పంటికి అడుగు ఇంకా ఏర్పడలేదు. నింపితే కిందికి, ఎముకలోకి జారిపోతుంది."

మా ముందున్న దారులు ఇవి. పన్ను తీసేయడం అన్నిటికంటే తేలిక. కానీ దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ పెట్టలేం, అంటే ఏళ్ల తరబడి ఖాళీ. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నెలల పాటు లోపల ఉంచి కొన దగ్గర గట్టి అడ్డు ఏర్పడేలా చేయడం. దశాబ్దాలుగా చేస్తున్న పద్ధతి, అడ్డు ఏర్పడుతుంది కూడా. కానీ ఆ మందు ఎక్కువకాలం ఉంటే డెంటిన్ పెళుసవుతుంది. 2002లో ఆండ్రియాసెన్ బృందం గొర్రెల లేత పళ్ళ మీద చేసిన పరీక్షలో ఏడాదికల్లా వాటి బలం సగానికి పడిపోయింది. అసలే పల్చటి గోడ, దాన్ని ఇంకా బలహీనం చేయడానికి నా మనసు ఒప్పలేదు. మూడోది ఎమ్‌టీఏ అనే సిమెంట్‌తో కొన దగ్గర బిరడా వేయడం. ఇది 1990లలో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో తొరాబినెజాద్ తీసుకొచ్చిన పదార్థం. పని త్వరగా అయిపోతుంది, కానీ గోడ పల్చగానే ఉండిపోతుంది.

నాలుగోది, లోపల శుభ్రం చేసి, వేరు కొన అవతలి నుంచి రక్తాన్ని పంటిలోకి రప్పించి, కొత్త కణజాలం పెరిగే అవకాశం ఇవ్వడం. ఇలాంటి కేసులను జపాన్ నుంచి ఇవాయా బృందం 2001లో, అమెరికా నుంచి బాంక్స్, ట్రోప్ 2004లో ప్రచురించాక ఈ పద్ధతి ఊపందుకుంది. రెండు చోట్లా చికిత్స చేసినది కింది రెండో ప్రీమోలార్‌కే. దీన్నే ఎంచుకున్నాను. గోడ మందమయ్యే అవకాశం ఇందులోనే ఉంది, ఫలించకపోతే ఎమ్‌టీఏ బిరడా దారి తర్వాత కూడా తెరిచే ఉంటుంది. వెనక్కి తిరగగలిగే దారిని ముందు ప్రయత్నించాలి. ఈ కేసులో నిర్ణయానికి మూలం అదే. ఫలితం ఖాయం కాదని, నెలల తరబడి రావలసి ఉంటుందని వాళ్ళకు ముందే చెప్పాను.

కుడి పన్ను: మొదట పనిచేయనిది

మొదటి విడతలో రబ్బరు డ్యామ్ (ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ కట్టే రబ్బరు పొర) వేసి పన్ను తెరిచాను. లోపల చీము తప్ప రక్తం లేదు. మామూలుగా ఫైళ్లు అనే సన్నటి లోహపు పుల్లలతో గోడలు గీకి శుభ్రం చేస్తాం, ఇక్కడ గీకడానికి గోడే లేదు. అందుకని శుభ్రం చేసే పని అంతా మందు నీళ్ల మీదే వేశాను. 1.5 శాతం సోడియం హైపోక్లోరైట్, పక్కన రంధ్రమున్న సూది, కొనకు కాస్త ఎడంగా ఉంచి చాలా నెమ్మదిగా. తెరిచిన కొనలోంచి ఈ ద్రవం ఎముకలోకి పోతే విపరీతమైన నొప్పి, వాపు వస్తాయి. గాఢత తక్కువ పెట్టడానికి ఇంకో కారణం, కొన అవతల ఉన్న మూలకణాలు బతకాలి. తర్వాత కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూసి, కొన్ని వారాలు ఆగాం.

తిరిగి వచ్చేసరికి పొక్కు చిన్నదైంది గానీ మూసుకోలేదు. లోపల కాగితపు పుల్ల పెడితే తడిగా, కాస్త వాసనతో వచ్చింది. అంటే ఇన్ఫెక్షన్ పోలేదు. కాల్షియం హైడ్రాక్సైడ్ పీహెచ్ 12.5 దాకా ఉంటుంది, తగిలిన చోట బ్యాక్టీరియాను చంపుతుంది. కానీ డెంటిన్ ఆ క్షారాన్ని మెల్లగా నీరుగారుస్తుంది. గొట్టాల లోతుల్లో దాక్కున్న వాటిదాకా దాని బలం వెళ్ళదు.

అనుకున్న రోజుకు రక్తం రప్పించేసి ముగిద్దామన్న తొందర ఇలాంటప్పుడే పుడుతుంది. పిల్ల బడి మానుకుని వచ్చింది, తల్లి పని మానుకుని వచ్చారు. అయినా ఆగాను. ఇన్ఫెక్షన్ ఉన్న వేరు లోపలి గొట్టంలోకి రక్తాన్ని తేవడం బ్యాక్టీరియాకు మేత వేయడమే. 1965లో కకేహాషీ బృందం చేసిన ప్రయోగం నాకు ఇలాంటి చోటల్లా గుర్తొస్తుంది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో పల్ప్‌ను తెరిచి వదిలేస్తే, దాని మీద డెంటిన్ వంతెన కట్టుకుని మానింది. మామూలు ఎలుకల్లో అదే పల్ప్ కుళ్ళిపోయింది. గాయం, తిండి అన్నీ ఒకటే, తేడా బ్యాక్టీరియా ఒక్కటే.

మళ్ళీ కడిగి, ఈసారి సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ కలిపిన పల్చటి పేస్టు పెట్టాను. ఈ మిశ్రమంలో మామూలుగా మూడో మందుగా మినోసైక్లిన్ ఉంటుంది. అది పంటిని బూడిదరంగులోకి మారుస్తుంది కాబట్టి వదిలేశాను. ముద్దగా కాకుండా, మిల్లీలీటరుకు 1 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్య ఉండేంత పల్చగా కలపడం ముఖ్యం. చిక్కగా పెడితే బ్యాక్టీరియాతోపాటు, మనకు కావలసిన కణాలూ చస్తాయి.

కుడి పన్ను: పనిచేసినది

తర్వాతిసారి పొక్కు పూర్తిగా మూసుకుంది. కాగితపు పుల్ల పొడిగా వచ్చింది. అడ్రినలిన్ లేని మత్తు ఇంజక్షన్ ఇచ్చాను. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుస్తుంది, ఈరోజు నాకు రక్తం కావాలి.

చివరి కడుగు 17 శాతం ఈడీటీఏతో. డెంటిన్ కట్టేటప్పుడు ఓడోంటోబ్లాస్ట్‌లు అందులోకి కొన్ని ఎదుగుదల కారకాలను కూడా చేర్చి పెడతాయి. ఖనిజం పేరుకున్నాక అవి అందులో బందీగా ఉండిపోతాయి. ఈడీటీఏ గోడ పైపొర ఖనిజాన్ని కరిగిస్తే అవి బయటపడి, వచ్చే కణాలను పిలుస్తాయి. ఎప్పుడో చచ్చిపోయిన పల్ప్ బతికున్న రోజుల్లో దాచిపెట్టినది ఇప్పుడు పనికొస్తుందన్నమాట. పళ్ళ లోపలి కణజాలాల గురించి నాకు తెలిసిన సంగతుల్లో ఇంతకంటే ఆశ్చర్యపరిచేది లేదు.

వంచిన ఫైలును కొన దాటి 2 మిల్లీమీటర్లు పంపి కదిపాను. మొదట కొన మాత్రమే ఎర్రబడి ఆగిపోయింది. కొద్దిసేపు ఆగి మళ్ళీ కదిపితే రక్తం మెల్లగా పైకి లేచి, చిగురు అంచుకు కొన్ని మిల్లీమీటర్లు కింద నిలిచింది. గడ్డకట్టేదాకా ఆగి, పైన కొల్లాజెన్ పొర, దాని మీద ఎమ్‌టీఏ, ఆపైన గ్లాస్ అయనోమర్ అనే పంటి సిమెంట్, చివర కాంపోజిట్ (పంటి రంగులో ఉండే ఫిల్లింగ్ పదార్థం) పెట్టి మూశాను. పైనుంచి మళ్ళీ బ్యాక్టీరియా రాకుండా ఈ మూత బిగుతుగా ఉండడం, లోపల రక్తం గడ్డకట్టడంతో సమానంగా ముఖ్యం.

ఎడమ పన్ను

ఈ పంటి విషయంలో మొదటి రోజే చర్య మొదలైంది. బొడిపె నిలబడి ఉంది, దాని లోపల పల్ప్ కొస ఉండొచ్చు. కొద్దికొద్దిగా అరగదీస్తూ, లోపల కొత్త డెంటిన్ పేరుకునేలా వ్యవధి ఇస్తూ పోవడం పాత పద్ధతి. కొస ఎక్కడిదాకా వచ్చిందో ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదు కాబట్టి నాకది జూదంలా అనిపించింది. బొడిపె చుట్టూ పల్చటి కాంపోజిట్ పోసి ఊతం ఇచ్చాను. అప్పుడు అది ఒక్కసారిగా విరగకుండా, కాంపోజిట్‌తోపాటు నెమ్మదిగా అరుగుతుంది. లోపలి ఓడోంటోబ్లాస్ట్‌లకు తమ వైపు నుంచి గోడ మందం చేసుకునే సమయం దొరుకుతుంది.

కొన్ని నెలలు బాగానే ఉంది. తర్వాత ఒకరోజు జంతిక కొరుకుతుంటే కాంపోజిట్ ముక్క, దాంతోపాటే బొడిపె కొన లేచిపోయాయి. ఏదైనా ముక్క ఊడితే మర్నాటికి ఆగకుండా రావాలని ముందే చెప్పి ఉంచడంతో అదే రోజు వచ్చారు. పసుపు మచ్చ మధ్యలో ఈసారి చుక్క నల్లగా లేదు, గులాబీరంగులో ఉంది. తాకితే పాప తల వెనక్కి లాక్కుంది.

అక్కడికక్కడే మందు పెట్టి మూయవచ్చు. కానీ బయటపడ్డ పల్ప్‌లో వాపు మొదటి గంటల్లో పైపైన 2 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, కింద ఆరోగ్యంగా ఉంటుంది. పైభాగం మాత్రం తీసి, ఆరోగ్యంగా ఉన్న చోట మూయడం మేలు. స్వీడన్‌లో మియోమిర్ స్వెక్ 1978లో విరిగిన 60 ముందు పళ్ళకు ఇలా చేసి 96 శాతం మానాయని చూపించాడు. చాలామంది దీన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. డైమండ్ బర్ (వేగంగా తిరిగే చిన్న కోత మొన) తో, నీళ్ళు బాగా పారించుకుంటూ, వేడి పుట్టకుండా 2 మిల్లీమీటర్ల మేర తీశాను. తడి దూది పెట్టి చూశాను. కొద్ది నిమిషాల్లో రక్తం ఆగింది, రంగు ఎర్రగా తాజాగా ఉంది. ఈ ఒక్క గమనిక నాకు పరికరాలన్నిటికంటే ఎక్కువ చెప్పింది. రక్తం ఎంతకీ ఆగకపోతే వాపు ఇంకా లోతుకు దిగిందని అర్థం, అప్పుడు ఇంకా కిందికి వెళ్ళాల్సి వచ్చేది. ఆగింది కాబట్టి కాల్షియం సిలికేట్ సిమెంట్ పెట్టి, గట్టిగా మూసేశాను.

తీసేసిన చోట పోయిన ఓడోంటోబ్లాస్ట్‌లు మళ్ళీ పుట్టవు, అవి విభజన చెందే కణాలు కావు. పల్ప్ లోపలి మూలకణాలు ఆ చోటుకు వచ్చి, కొత్తగా అదే పని నేర్చుకుని, గట్టి వంతెన కడతాయి. మిగతా వేరు పొడవునా పాత ఓడోంటోబ్లాస్ట్‌లు వాటి పని అవి చేసుకుంటూ పోతాయి.

రెండు ఎక్స్‌రేలు

ఏడాదిన్నర తర్వాత తీసిన ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టాను. ఎడమవైపు వేరు పూర్తి పొడవుకు వచ్చి కొన మూసుకుంది. గోడలు మందంగా, మధ్య గొట్టం సన్నగా, చుట్టూ పక్కల ఏ పంటికీ తీసిపోకుండా ఉంది. పైన సిమెంట్ కింద పల్చటి తెల్లటి గీత, కొత్త వంతెన. మొదట పలకని ఆ పన్ను ఇప్పుడు చల్లదనానికి వెంటనే పలికింది, తీసేయగానే ఆ చల్లదనం పోయిందని పాప చెప్పింది. ఏ-డెల్టా నరాలు వచ్చి స్థిరపడ్డాయి.

కుడివైపు ఎముకలో నల్లమచ్చ పూర్తిగా పూడింది, పొక్కు మళ్ళీ లేవలేదు. కొన బాగా సన్నబడింది. కింది సగంలో గోడ కొంత మందమైంది. పొడవు మాత్రం పెద్దగా పెరగలేదు, మెడ దగ్గర గోడ పల్చగానే ఉంది. చల్లదనానికి జవాబు లేదు. ఈ ఫలితాన్ని నేను విజయంగానే రాసుకుంటాను, దాని హద్దు కూడా పక్కనే రాసుకుంటాను. జంతువుల మీద, తర్వాత మనుషుల పళ్ళ మీద చేసిన కణజాల పరీక్షల్లో ఇలా పెరిగినది ఎక్కువగా సిమెంటమ్ (వేరు మీద ఉండే పై పొర) లాంటి, ఎముక లాంటి పదార్థమని తేలింది. వరసగా నిలబడ్డ ఓడోంటోబ్లాస్ట్‌లు, గొట్టాలున్న డెంటిన్ మాత్రం మళ్ళీ రాలేదు. ఇన్ఫెక్షన్ తగ్గించగలిగాం, గోడకు కొంత ఆసరా ఇవ్వగలిగాం. పల్ప్‌ను తిరిగి తేలేకపోయాం. అదే పల్ప్‌ను ఎడమవైపు 2 మిల్లీమీటర్లు తప్ప మొత్తం కాపాడితే, మిగతా వేరంతా అదే కట్టుకుంది.

మళ్ళీ ఇలాంటి కేసు వస్తే

పిల్లల్లో కింది ప్రీమోలార్లు వచ్చే వయసులో, పుచ్చు కోసం చూసే చూపుతోపాటు నమిలే ముఖం మధ్యలో బొడిపె ఉందేమో చూడటం ఇప్పుడు నా పరీక్షలో తప్పనిసరి భాగం. ఒకవైపు కనబడితే రెండోవైపు తప్పకుండా చూస్తాను. పుచ్చు లేని ప్రీమోలార్ పక్కన చీము ఉంటే మొదట అడిగేది ఈ బొడిపె గురించే.

చికిత్స నిర్ణయించేటప్పుడు పాప వయసు కంటే వేరు వయసు ముఖ్యం. పన్నెండేళ్లకు కొందరికి కొన దాదాపు మూసుకునే ఉంటుంది, అప్పుడు లెక్క మారుతుంది. కొన తెరిచి ఉన్నంతకాలం, పల్ప్‌లో కొద్దిగా ప్రాణం మిగిలినా దాన్ని నిలబెట్టడానికే ముందు ప్రయత్నించాలని నా గట్టి అభిప్రాయం. "నరం తీసేద్దాం, నొప్పి ఉండదు" అనే మాట తల్లిదండ్రులకు ఊరటగా వినిపిస్తుంది. ఆ నరంతోపాటు వేరు కట్టే కణాలను కూడా తీసేస్తున్నామని వాళ్ళకు చెప్పి తీరాలి. ఎక్స్‌రే ఎదురుగా పెట్టి చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. ఈ పాప వాళ్ళమ్మకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

కుడివైపు పంటితో చెరకు, గట్టి చిక్కీ కొరకొద్దని, ఆటల్లో మౌత్‌గార్డ్ పెట్టుకోమని చెప్పాను. ఏడాదికోసారి ఎక్స్‌రే తీస్తూ గోడను, లోపలి గొట్టాన్ని గమనిస్తాం. ఇలాంటి పళ్ళలో కొన్నాళ్లకు గొట్టం పూర్తిగా పూడిపోవచ్చు కూడా. పాపకు తొమ్మిదేళ్ల తమ్ముడున్నాడు. ఈ బొడిపె కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది కాబట్టి, వాడి ప్రీమోలార్లు చిగురు చీల్చుకుని పైకి రాగానే, ఎదుటి పంటికి తగలకముందే తీసుకురమ్మని వాళ్ళమ్మతో చెప్పాను.